అత్తమ్మ మరపు... చేపల పరీక్ష

చేప అనగానే మన ఇల్లాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది పులుసే కదండీ! మా పాలమూరు వైపు అయితే మరీనూ. జూరాల ఆనకట్ట మీదుగా వెళ్తూ వేడి వేడి చేప ముక్క తినకుండా ఇల్లు చేరేవాళ్ళు తక్కువ. మృగశిర కార్తె వచ్చిందంటే ఏ వీధిలో చూసినా చేపల కూర వాసనే. వండటం, తినటం సరే... ఆ చేపకూ ఒక బుర్ర ఉంటుందనీ, ఆ బుర్రలో జ్ఞాపకాలుంటాయనీ, వాటికి మన పిల్లలకు పెట్టినట్టే పరీక్ష పెట్టి మార్కులు వేస్తారనీ మీరెప్పుడైనా విన్నారా? మొన్న దసరా దాకా నేనూ వినలేదు. విన్న తర్వాత మా ముగ్గురు తోడికోడళ్ళ మధ్య ఏడాదిగా నలుగుతున్న తగవు ఒకటి తీరింది. అందుకే ఈ సంగతి మీతో చెప్పాలనిపించింది.

ముందు ఆ తగవేమిటో చెప్తాను. మా అత్తమ్మకు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దబావ వాళ్ళు గద్వాలలో ఉంటారు. మేము వనపర్తిలో. మా మరిది వాళ్ళు నాగర్‌కర్నూలులో. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక మూడూ మూడు జిల్లాలయ్యాయి. 'ఒక్క తల్లి పిల్లలం మూడు జిల్లాల వాళ్ళమైనం' అని మా వారు నవ్వుతుంటారు. మామయ్య పోయిన తర్వాత అందరి ఇళ్ళల్లో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. అమ్మను వంతులు వేసుకున్నారు. ఒక్కొక్కరి దగ్గర నాలుగు నెలలు. ఎవరికీ భారం కాకూడదు, ఎవరూ మాట పడకూడదు. చెప్పుకోవటానికి ఎంతో న్యాయంగా ఉంది.

మొదటి రెండేళ్ళు బాగానే గడిచింది. డెబ్భై ఆరు దాటాక అత్తమ్మకు మరపు మొదలైంది. చెప్పిందే చెప్పటం, తిన్నాక కూడా 'ఇంకా అన్నం పెట్టలేదేందమ్మా' అనటం, కళ్ళజోడు బియ్యం డబ్బాలో పెట్టి ఇల్లంతా వెతకటం... ఇవి గద్వాలలో కొంచెమే కనపడేవి. మా వనపర్తికి వస్తే ఎక్కువయ్యేవి. అర్ధరాత్రి లేచి స్నానాల గది అనుకుని వంటింట్లో నిలబడేది. 'యాడికి తెచ్చినర్రా నన్ను? నా ఇల్లు యాడుంది?' అని అడిగేది. నాగర్‌కర్నూలులో అయితే ఒకరోజు మధ్యాహ్నం గేటు తీసుకుని వెళ్ళిపోయింది. రెండు గంటలు వెతికితే కేసరి సముద్రం కట్ట మీద దొరికింది. దేవుడి దయవల్ల ఎవరో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. చెరువు పక్కనే ఆ మనిషిని తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె జల్లుమంటుంది.

ఆ రోజు నుంచే తగవు మొదలైంది. చిన్న తోడికోడలు, 'అత్తమ్మకు పూర్తిగా మతి పోయింది, ఇక ఇంట్లో పెట్టుకోవటం నా వల్ల కాదు, ఏదైనా ఆశ్రమంలో చేర్పిద్దాం' అంది. గద్వాల అక్కేమో, 'మా దగ్గర మంచిగనే ఉంటది, మీరే సరిగ్గ చూస్తలేరు' అంది. నేను మధ్యదాన్ని, ఇద్దరికీ సర్ది చెప్పలేకపోయాను. చూడండి, మనిషి ఒక్కరే. మూడు ఇళ్ళల్లో మూడు రకాల మార్కులు! ఎవరి మాట నిజం?

మా ఆడబిడ్డ కూతురు హైదరాబాద్‌లో ఫార్మసీ పెద్ద చదువు చదువుతోంది. దసరా సెలవులకు వచ్చి ఈ గొడవంతా విన్నది. విని, 'అత్తా, మేం చేపలకు కూడా ఇట్ల పరీక్ష పెట్టం. పెడితే మా మేడమ్ తిడుతది' అంది. చేపలేమిటే, అమ్మమ్మ గురించి మాట్లాడుతుంటే అన్నాను. అప్పుడు చెప్పింది కథంతా.

వేలెడంత చేప

వాళ్ళు వాడే చేప పేరు జీబ్రా ఫిష్. మూడు నాలుగు సెంటీమీటర్లుంటుంది. ఒంటి మీద నీలం గీతలు. ఇది ఎక్కడో విదేశపు చేప కాదు. మన గంగ, బ్రహ్మపుత్ర నదుల ప్రాంతాల వాగుల్లో, వరి మళ్ళల్లో తిరిగే చేపే. 1822లో హామిల్టన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. తర్వాత అక్వేరియం చేపగా దేశాలు దాటింది. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త దీన్ని ప్రయోగశాలకు తెచ్చి, 1981లో తన పని ప్రకటించాక ప్రపంచమంతా దీని వెంట పడింది. మన దేశంలోనూ ఢిల్లీలోని ఐజీఐబీ శాస్త్రవేత్తలు 2009లో దీని జన్యుపటాన్ని చదివారు. హైదరాబాద్ సీసీఎంబీలోనూ, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లోనూ ఈ చేపల మీద పరిశోధన జరిగింది.

ఇంత చిన్న చేపకూ మనకూ పోలికేమిటంటారా? నేనూ అదే అడిగాను. మనిషి జన్యువుల్లో నూటికి డెబ్భై వాటికి ఈ చేపలో జోడీ ఉందని 2013లో తేల్చారు. జ్ఞాపకానికి మన మెదడు వాడుకునే రసాయనాలు చాలావరకు దాని మెదడులోనూ ఉన్నాయి. పైగా తక్కువ ఖర్చు, తక్కువ చోటు. ఎలుక ఒకటి ఉండే చోట బోలెడు చేపలు పెంచవచ్చు. రెండు మూడేళ్ళకే ముసలితనం వస్తుంది కాబట్టి వయసుతో వచ్చే మార్పులు చూడటానికి ఏళ్ళ తరబడి కాచుకోనక్కరలేదు.

'చేపకు మూడు సెకన్లే గుర్తుంటుందంటారు కదే' అన్నాడు మా మరిది. అది ఉత్త మాట అంది పిల్ల. గాలానికి ఒకసారి చిక్కి తప్పించుకున్న కార్ప్ చేప, మన బంగారుతీగ జాతిదే, నెలల తరబడి మళ్ళీ గాలం జోలికి సులువుగా రాదని హాలెండులో చెరువుల్లో పరీక్షించి చూశారట. ఆ మాట విని మా మరిది, 'నిజమే, మా చెరువు కాడ పాత చేపలు గాలానికి పడవని బెస్తోళ్ళు చెప్తనే ఉంటరు' అన్నాడు. చదువుకున్న వాళ్ళు పరీక్ష పెట్టి తేల్చింది చెరువు గట్టు మీది వాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసునన్నమాట!

నోరు లేని దానికి పరీక్ష ఎట్లా?

చేప మాట్లాడదు. 'నిన్న ఏం తిన్నావు' అంటే చెప్పదు. మరి దానికి గుర్తుందో లేదో ఎట్లా తెలుస్తుంది? అది చేసే పనిని బట్టే తెలుసుకోవాలి.

ఇంగ్లీషు అక్షరం 'టీ' ఆకారంలో ఒక గాజు తొట్టి ఉంటుంది. చేపను కింది కొసన వదులుతారు. అది ఈదుకుంటూ వెళ్ళి ఎడమకో కుడికో తిరగాలి. ఒక వైపు లోతుగా, విశాలంగా చేపకు ఇష్టమైన చోటు ఉంటుంది, మేత ఉంటుంది. రెండో వైపు ఏమీ ఉండదు. మొదటిరోజు చేప తడుముకుంటుంది. నాలుగైదుసార్లు తిరిగాక దారి పట్టుకుంటుంది. మర్నాడు మళ్ళీ వదిలితే ఎంతసేపట్లో మంచి చోటుకు చేరిందో గడియారం పెట్టి చూస్తారు. త్వరగా చేరితే గుర్తున్నట్టు. మళ్ళీ మొదటి నుంచీ తడుముకుంటే మరచినట్టు.

ఇంకో పరీక్షకు మూడు దారుల తొట్టి. ముందు ఒక దారి మూసేసి రెండింట్లోనే తిరగనిస్తారు. గంట గడిచాక మూడోదీ తెరుస్తారు. పాతవి గుర్తున్న చేప కొత్త దారిలో ఎక్కువసేపు తిరుగుతుంది, మన పక్కింటి కొత్త కోడలిని చూడటానికి అందరం వెళ్ళినట్టు! మరచిన చేపకు మూడూ ఒకటే. పైన కెమెరా పెడతారు. చేప తిరిగిన దారంతా కంప్యూటరు గీతలా గీసి చూపిస్తుంది. మంచి చేప గీత చుక్కలకు సరిగ్గా తిప్పిన ముగ్గులా ఉంటుందనీ, మరచిన చేప గీత చిక్కుపడ్డ దారంలా ఉంటుందనీ చెప్పింది పిల్ల.

మరో పరీక్ష వింటే నాకు జాలేసింది. తొట్టిలో సగం వెలుతురు, సగం చీకటి. ఈ చేపలకు చీకటి వైపే ఇష్టం. అటు వెళ్ళగానే చిన్న కరెంటు జిల్లు. మర్నాడు గుర్తున్న చేప చీకటి ముందు ఆగి ఆలోచిస్తుంది. మరచింది నేరుగా వెళ్ళిపోతుంది. 'పాపం కాదటే' అన్నాను. 'అందుకే ఇష్టమొచ్చినట్టు చెయ్యనియ్యరు అత్తా, కాలేజీలో కమిటీ ఉంటది, ఎన్ని చేపలు, ఎందుకు అని ముందే రాసి ఒప్పించాలె' అంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ప్రయోగాలకు కేంద్ర ప్రభుత్వపు కమిటీ నియమాలున్నాయట.

ఇక అన్నింటికంటే నాకు బాగా పట్టిన మాట ఇది. చేపను కొత్త తొట్టిలో వేస్తే ఏం చేస్తుందో తెలుసా? సర్రున అడుగుకు పోయి కదలకుండా కూర్చుంటుంది. భయం. కాసేపయ్యాక మెల్లగా పైకి వచ్చి చుట్టూ చూస్తుంది. భయంలో ఉన్న చేపకు జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే మంచి చేప కూడా తప్పుతుంది. అది మరపు కాదు, బెదురు. అందుకని పరీక్షకు ముందు తొట్టిని అలవాటు చేస్తారు. నీళ్ళ వెచ్చదనం, వెలుతురు, మేత వేళ, అన్నీ మార్చకుండా చూస్తారు. వేరే గుంపును మందు లేకుండా మామూలు నీళ్ళల్లో ఉంచి పోల్చి చూస్తారు. లెక్క రాసేవాళ్ళకు ఏది మందు చేపో, ఏది మామూలు చేపో చెప్పరు, చెబితే కన్ను అటే మొగ్గుతుందని.

'మరి అమ్మమ్మను నాలుగు నెలలకోసారి కొత్త తొట్టిలో వేసి, వేసిన రోజే పరీక్ష పెడుతున్నరు గద మీరందరు!' అంది పిల్ల. ఇంట్లో ఎవ్వరూ మాట్లాడలేదు. గద్వాలలో మంచిగా, వనపర్తిలో కొంచెం, నాగర్‌కర్నూలులో ఎక్కువ... ముగ్గురం చెప్పిందీ నిజమే. అక్క చూపు గొప్పా కాదు, చెల్లె చూపు తక్కువా కాదు. గద్వాల ఇల్లు అరవై ఏళ్ళుగా ఆమె ఈదిన నీళ్ళు. అక్కడ కళ్ళు మూసుకున్నా బావి గట్టు ఎటో, దేవుడి గూడు ఎటో కాళ్ళకు తెలుసు.

ఉమ్మెత్త చెప్పిన రహస్యం

చేపలకు మరపు తెప్పించటం కూడా ఒక విద్యే. లేకపోతే మరపుకు మందు ఎట్లా వెతుకుతారు? స్కోపొలమిన్ అనే మందును నీళ్ళల్లో కలిపి చేపను కాసేపు ఉంచుతారు. అంతే, నేర్చుకున్న దారి తప్పుతుంది. ఈ స్కోపొలమిన్ ఏమిటో తెలుసా? మన ఊళ్ళల్లో కంచెల వెంట, దిబ్బల మీద తెల్లపూలు పూసే ఉమ్మెత్తలో ఉండే విషాల్లో అదొకటి! ఉమ్మెత్త కాయ తింటే పిచ్చెక్కుతుందని మన పెద్దవాళ్ళు పిల్లల్ని ఊరికే బెదిరించలేదు.

మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఉంటుంది. కొత్త సంగతి మనసులో నాటుకోవటానికి అది కావాలి. స్కోపొలమిన్ దాని పనికి అడ్డం పడుతుంది. దానికి విరుగుడుగా ఫైసోస్టిగ్మిన్ అనే మందు వేస్తే చేప తేరుకుంటుంది. ఆ మందు ఎసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపుతుంది. అల్జీమర్స్ రోగులకు ఇప్పుడు డాక్టర్లు రాసే డోనెపెజిల్ కూడా ఇదే దారిలో పనిచేస్తుంది. రోగాన్ని కుదర్చదు, కొందరికి కొంతకాలం కాస్త ఆసరాగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పి పిల్ల ఆగి, 'అత్తా, అమ్మమ్మ ఏమేం గోలీలు వేసుకుంటది?' అని అడిగింది. గద్వాల నుంచి వచ్చిన సంచీ విప్పాం. బీపీ మాత్ర, షుగరు మాత్ర, మోకాళ్ళ నొప్పుల మాత్ర... వాటితో పాటు దురదకని ఎప్పుడో మొదలుపెట్టి, నిద్ర బాగా పడుతోందని రోజూ రాత్రి వేసుకుంటున్న పసుపుపచ్చ మాత్ర. దానిలో ఉన్నది క్లోర్‌ఫెనిరమిన్. జలుబుకూ దురదకూ వాడే పాతకాలపు మందు. స్కోపొలమిన్ అంత గట్టిది కాదు కానీ, ఎసిటైల్‌కోలిన్‌కు అడ్డం పడేదే ఇదీను. ఇటువంటి మందులు చాలానే ఉన్నాయి. జలుబు మాత్రల్లో కొన్ని, మూత్రం ఆగటానికి ఇచ్చేవి కొన్ని, నిద్రకూ దిగులుకూ ఇచ్చే పాత మందుల్లో కొన్ని. వయసులో ఉన్నవాళ్ళు ఒకటి రెండు రోజులు వేసుకుంటే ఏమీ కాదు. డెబ్భై దాటినవాళ్ళు రోజూ వేసుకుంటే బుర్ర మబ్బు పట్టినట్టవుతుంది.

మందుల సంచీ మొత్తం తీసుకుని అత్తమ్మను పెద్ద డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన ఆ మాత్ర ఆపించి దురదకు వేరేది రాశారు. థైరాయిడ్, బి12 విటమిన్ రక్త పరీక్షలు చేయించారు. చెవులు చూపించమన్నారు. వినపడకపోతే గుర్తుపెట్టుకోవటం ఎట్లా అని! బి12 తక్కువుందని ఇంజెక్షన్లు ఇచ్చారు. నెలన్నరకు పగటి మత్తు తగ్గింది, రాత్రి తిరగటం తగ్గింది. అంతా పోయిందని చెప్పను. అత్తమ్మకు మరపు జబ్బు ఉంది, అది మెల్లగా ముదిరేదే అని ఆయన స్పష్టంగానే చెప్పారు. కానీ మబ్బు తొలగిన మేరకు ఆమె మాకు తిరిగి దక్కింది.

చదువు రాని వాళ్ళకు ఏ ప్రశ్న?

డాక్టరు పెట్టిన పరీక్ష కూడా చెప్పాలి. ఈరోజు తారీఖు, నూటిలోంచి ఏడు తీసెయ్, ఈ బొమ్మ గియ్యి... బడి మొహం చూడని మనిషికి ఇవి ఎట్లా వస్తాయి? ఆయన మంచివారు. 'ఇప్పుడు ఏ కార్తె నడుస్తోంది? బియ్యానికి ఎసరు ఎంత పెడతావమ్మా?' అని ఆమెకు తెలిసిన వాటిలోంచే అడిగారు. చేపకు ఈత పరీక్షే పెట్టాలి గానీ చెట్టెక్కే పరీక్ష పెట్టకూడదు కదా.

మన తెలుగుగడ్డ మీదే ఈ విషయంలో ఒక గొప్ప పరిశోధన జరిగింది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది మరపు రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించారు. ఒకే భాష మాట్లాడేవాళ్ళ కంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట. చదువు రాని వాళ్ళల్లోనూ ఈ తేడా కనపడింది. అది వినగానే నాకు మా అత్తమ్మే గుర్తొచ్చింది. ఆమె పుట్టిల్లు రాయచూరు. పుట్టింట కన్నడం, మెట్టింట తెలుగు, సంతలో తురకం. అక్షరం ముక్క రాదు, మూడు భాషలు వచ్చు. ఇప్పుడు మరపులో ఉన్నట్టుండి కన్నడంలోకి వెళ్ళిపోతుంది. 'నీరు కొడమ్మా' అంటే మా మరిది కొడుకు, 'నానమ్మ ఎవర్నో కొట్టమంటుంది' అని పరుగెత్తుకొచ్చాడు. నీళ్ళిమ్మని అడిగింది రా తండ్రీ అని చెప్పాను. మాటలన్నీ పోలేదు, మొదట నేర్చిన నీళ్ళల్లోకి తిరిగి వెళ్తోంది, అంతే.

ఒకరోజు గద్వాలలో మా ఆడబిడ్డ కూతురు ఒక పని చేసింది. అటక మీది పాత రాట్నం దింపి అత్తమ్మ ముందు పెట్టింది. ఒకప్పుడు గద్వాల చీరల మగ్గానికి కండెలు చుట్టిన చేతులవి. కొడుకు పేరు తడుముకునే మనిషి, దారం కొస అందుకుని, ముడి సరిచూసి, కండె చుట్టటం మొదలుపెట్టింది. ఎడమచెయ్యి ఎంత బిగువుగా పట్టాలో, కుడిచెయ్యి ఎంత వేగంగా తిప్పాలో అన్నీ చేతులకే తెలుసు. పేర్లు, తారీఖులు దాచే చోటు వేరు, చేతి పని దాచే చోటు వేరట మెదడులో. మొదటిది ముందు చెడుతుంది, రెండోది చాలా కాలం నిలుస్తుంది. 'ఇదీ అత్తా, అమ్మమ్మకు పెట్టాల్సిన పరీక్ష' అంది పిల్ల. పెద్దబావ పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

కుదురుకునే వేళ

ఇంకొక్క పాత ప్రయోగం చెప్పి ముగిస్తాను. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంలో అగ్రనాఫ్ అనే శాస్త్రవేత్త గోల్డ్ ఫిష్‌లకు, దీపం వెలగగానే గోడ దాటి అవతలికి వెళ్ళాలని నేర్పాడు. నేర్పిన వెంటనే మెదడులో కొత్త ప్రోటీన్లు తయారు కాకుండా ఆపే మందు ఎక్కిస్తే, మూడు రోజుల తర్వాత చేపలకు ఏమీ గుర్తులేదు. గంట ఆగి ఎక్కిస్తే మాత్రం గుర్తుంది! 1965లో ఈ సంగతి ప్రకటించాడు. అంటే విన్నదీ చూసిందీ వెంటనే జ్ఞాపకం అయిపోదు. పాలు తోడుకోవటానికి వేళ కావాలన్నట్టు, జ్ఞాపకం కుదురుకోవటానికీ వేళ కావాలి.

అయితే చేప చేపే, మనిషి మనిషే. మందుతో చేపకు తెప్పించే మరపు పూటలో పోయేది. అల్జీమర్స్‌లో మెదడు కణాలే ఏళ్ళ తరబడి నశిస్తాయి. జంతువుల్లో పనిచేసి మనుషుల దగ్గర విఫలమైన మందులు ఎన్నో. కాబట్టి 'చేపల మీద పరీక్షించాం, జ్ఞాపకశక్తి పెరుగుతుంది' అని ఎవరైనా లేహ్యమో పొడో అమ్మితే నమ్మి డబ్బు తగలెయ్యకండి.

చివరకు మా ఇంట్లో తేలిందేమిటంటే, వంతులు పోలేదు గానీ తిరగబడ్డాయి. అత్తమ్మ గద్వాల దాటి కదలదు. మేమే కదులుతాం. అక్క మీదే భారం పడకూడదని నెలలో వారం నేను, వారం చెల్లె వెళ్తున్నాం. కొడుకులూ తప్పించుకోలేదు, మా వారు శనివారం, మరిది ఆదివారం. తోడుగా ఉండే మనిషి జీతం మేమిద్దరం ఇస్తున్నాం. స్నానాల గది తలుపుకు పచ్చరంగు వేయించాం, రాత్రి చిన్న దీపం వెలుగుతుంది. మంచం, గ్లాసు, జపమాల జరపము. అందరికీ ఇట్లా కుదరదని నాకు తెలుసు. తప్పనిసరిగా తీసుకెళ్ళవలసి వస్తే ఆమె దుప్పటి, ఆమె చెంబు, ఆమె దేవుడి పటం వెంట తీసుకెళ్ళండి. కుదురుకోవటానికి కొన్ని వారాలు ఇవ్వండి. వచ్చిన రోజే 'నేనెవరో చెప్పు చూద్దాం' అని చుట్టాలు పరీక్ష పెట్టకుండా చూడండి. 'నేను మీ వనపర్తి కోడల్ని అత్తమ్మా' అని మనమే చెప్పి పలకరిస్తే పోలా! పక్కింటి ముసలమ్మతో పోల్చకండి, ఆమె నిరుడు ఎట్లా ఉందో దానితో పోల్చి చూడండి. మార్పు కనపడితే మందుల సంచీతో సహా డాక్టరుకు చూపించండి, సొంతంగా ఏ మాత్రా ఆపకండి.

మన దేశంలో అరవై దాటినవాళ్ళల్లో 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో అంచనా వేశారు. నూటికి ఏడుగురి పైమాటే. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళల్లో ఎక్కువ. చూసుకునేదీ ఎక్కువగా మనమే. ఎవరిని అడగాలో తోచకపోతే వృద్ధుల సహాయానికి 14567, మనసు బాగోలేకపోతే, అది చూసుకునే వాళ్ళదైనా సరే, 14416 ఫోన్ నెంబర్లున్నాయి. తెలుగులోనే మాట్లాడతారు.

ఈ సోమవారం నుంచి నా వారం. పెబ్బేరు, బీచుపల్లి మీదుగా గద్వాల బస్సు పొద్దున్నే ఉంది. అత్తమ్మ నన్ను పేరు పెట్టి పిలవకపోవచ్చు. పొయ్యి దగ్గర పీట వేసి కూర్చుంటే మాత్రం, 'ఉప్పు చూసినవా?' అని తప్పకుండా అడుగుతుంది.